‘పూర్ విండో’ అని రాసి చేతులు దులుపుకోవద్దు

ఎకో అంటే శబ్దంతో గుండె బొమ్మ తీసే పరీక్ష. దాని రిపోర్టు చేతికి రాగానే ఎవరైనా ముందు వెతికేది ఒక్కటే, ఈఎఫ్ ఎంత అని, అంటే గుండె ఒక్కో దెబ్బకి తనలో ఉన్న రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతోంది అని. అరవై అని ఉంటే అమ్మయ్య అనుకుని కవర్లో పెట్టేసుకుని బస్సెక్కేస్తారు. కింద ఓ మూల చిన్న అక్షరాల్లో ‘పూర్ విండో’ అని రెండు మాటలుంటే అవి ఎవరూ చదవరు, చదివినా అదేటో తెలీదు (గుండె బొమ్మ సరిగా కనపడలేదు అని అర్థం), డాక్టరుగార్లు కూడా చాలామంది దాని మీంచి దాటుకుని నెంబరు దగ్గరకి వెళ్ళిపోతారు. నేను శ్రీకాకుళంలో ఎకో టెక్నీషియన్ని, పద్నాలుగేళ్ళయింది ఈ పనిలో, ఆ రెండు మాటలు ఎన్ని వందలసార్లు టైప్ చేసుంటానో లెక్కలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ రెండు మాటల గురించే. ముఖ్యంగా రొమ్ము కేన్సర్‌కి ఆపరేషన్ అయ్యి, తీసేసిన చోట మళ్ళీ రొమ్ము కట్టించుకున్న ఆడవాళ్ళ రిపోర్టు మీద ఆ మాటలు పడితే వాళ్ళకి ఎంత నష్టం జరుగుతుందో అని.

మా పెద్దమ్మ కూతురు ఉంది, నాకు అప్ప. చీపురుపల్లి దగ్గర గవర్నమెంటు బళ్ళో టీచరు. నలభయ్యారేళ్ళప్పుడు ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది, పరీక్షల్లో కేన్సర్ అని తేలింది, అందులోనూ హెర్‌టూ పాజిటివ్. కేన్సర్ కణాల మీద హెర్‌టూ అనే ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉండే రకం, రొమ్ము కేన్సర్ వచ్చిన ప్రతి వందమందిలో పదిహేను ఇరవై మందికి ఉంటుంది. విశాఖపట్నంలో ఆపరేషన్. రొమ్ము మొత్తం తీసెయ్యాలన్నారు, కావాలంటే అదే ఆపరేషన్లో ప్లాస్టిక్ సర్జన్ వచ్చి లోపల సిలికాన్ ఇంప్లాంట్ పెడతారని కూడా చెప్పారు. ఇంట్లో పెద్ద గొడవ. పెద్దమ్మ అయితే "ఈ వయసులో నీకు ఇంకా అదేటికే, పేణం దక్కితే చాలదేటి" అని ఏడుపు. బావగారు ఏమీ మాట్లాడలేదు. అప్ప ఒక్కటే అంది. "బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే పిల్లలు లెక్క వైపు చూడాలి, నా జాకెట్టు వైపు కాదు." అంతే, ఇంక ఎవరూ ఆపలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది, ఎందుకంటే రొమ్ము మళ్ళీ కట్టించుకోవడం, అదే రీకన్‌స్ట్రక్షన్ అంటే సోకు అనుకునేవాళ్ళు మన దగ్గర ఇంకా చాలామంది, మా డిపార్ట్‌మెంట్లో కూడా ఉన్నారు. ఈ వ్యాసం చదివి ఎవరైనా "చూశారా, అందుకే ఇంప్లాంట్ వద్దన్నాం" అంటే మాత్రం నేను ఒప్పుకోను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా.

ఆపరేషన్ తర్వాత మందులు. ముందు నాలుగు సైకిళ్ళు ఎర్ర మందు, అదే డాక్సోరూబిసిన్, దాంతో పాటు ఇంకోటి. ఎర్రగా కుంకుమ నీళ్ళలా సెలైన్లో దిగుతుంటుంది కాబట్టి కీమో వార్డులో అందరూ ఎర్ర మందు అనే అంటారు. ఆ తర్వాత పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు, దాంతో కలిపి ట్రాస్టుజుమాబ్ మొదలు, అది మూడు వారాలకొకటి చొప్పున ఏడాది పాటు, మొత్తం 18 డోసులు. హెర్‌టూ కేన్సర్‌కి ట్రాస్టుజుమాబ్ రాకముందు ఒక కాలం, వచ్చాక ఒక కాలం అంటారు, అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది, మన దేశంలోనే తయారైన రకం 2014లో మార్కెట్లోకి వచ్చాక మనలాంటి ఊళ్ళ వాళ్ళకి కూడా కాస్త అందుబాటులోకి వచ్చింది.

కానీ ఈ రెండు మందులకీ గుండెతో తగువుంది. ఎర్ర మందు గుండె కండరం కణాల్ని చంపుతుంది, చచ్చిన గుండె కణం మళ్ళీ మొలవదు, ఎంత మందు ఒంట్లోకి వెళ్ళిందన్న లెక్క జన్మంతా ఉండిపోతుంది. అప్పకి వెళ్ళింది ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 60 మిల్లీగ్రాముల చొప్పున నాలుగుసార్లు, అంటే 240. ట్రాస్టుజుమాబ్ సంగతి వేరు. అది కేన్సర్ కణం మీదున్న హెర్‌టూని పట్టుకుంటుంది, ఆ హెర్‌టూ గుండె కణాల మీద కూడా కొంత ఉంటుంది, దెబ్బతిన్నప్పుడు బాగు చేసుకోడానికి గుండెకి ఆ దారి కావాలి, మందు ఆ దారి మూసేస్తుంది. ఆపితే చాలామందికి గుండె మళ్ళీ కోలుకుంటుంది. ఎర్ర మందు కొట్టిన గుండె మీదే ట్రాస్టుజుమాబ్ పడితే ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ. అందుకే మందు మొదలెట్టే ముందు ఒక ఎకో, మందు నడుస్తున్నంతకాలం మూడు నెలలకొకటి, అయిపోయిన ఏడాదికి మళ్ళీ ఒకటి చెయ్యమని యూరప్ గుండె డాక్టర్ల సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మన దగ్గర కూడా ఇంచుమించు ఇదే పాటిస్తారు.

అప్పకి ఎకోలు తీశారు. లెక్కకి ఒక్కటీ తప్పలేదు. ఆపరేషన్‌కి ముందు మత్తు ఇవ్వడానికి ఫిట్‌నెస్ కోసం ఒకటి, ఈఎఫ్ 60. ఎర్ర మందు అయ్యాక విజయనగరంలో ఒక సెంటర్లో, 58, పూర్ విండో. మూడు నెలలకి ఇంకో ఊళ్ళో ఇంకో సెంటర్లో, 64, పూర్ విండో. ఇంట్లో అందరూ సంబరపడ్డారు, గుండె ఇంకా బలపడింది అని. మళ్ళీ మూడు నెలలకి మూడో చోట, 52. దాని కిందా అదే మాట, పూర్ విండో. కేన్సర్ డాక్టరుగారు ఇది చూసి ఒక డోసు ఆపుదాం అన్నారు. ఆ రాత్రి అప్ప ఫోన్ చేసింది.

"చిన్నీ, పాడైంది నా గుండేనా, ఈళ్ళ మిషనా?"

ఇదే పని చేసే దాన్ని నేను, అప్పటిదాకా ఆ రిపోర్టులు ఒక్కసారైనా తెప్పించుకుని చూడలేదు. పెద్ద పెద్ద డాక్టర్లు చూస్తున్నారు కదా, మధ్యలో మనమెందుకు అనుకున్నాను.

ముందు ఈ విండో అంటే ఏంటో చెప్పాలి. శబ్దం ఎముకలోంచి సరిగా పోదు, గాలి నిండిన ఊపిరితిత్తిలోంచి అసలే పోదు. గుండె చూస్తే ఈ రెండింటి వెనకే దాక్కుంటుంది. అందుకని పక్కటెముకల మధ్య సందుల్లోంచి, ఊపిరితిత్తి అడ్డం లేని చోట వెతుక్కుని, శబ్దం పంపే ప్రోబ్ పెడతాం, ఆ సందునే విండో అంటారు. ముఖ్యమైనవి మూడు. రొమ్ము ఎముక పక్కన ఎడమవైపు ఒకటి, ఎడమ రొమ్ము కింద గుండె మొన కొట్టుకునే చోట ఒకటి, పక్కటెముకలు కలిసే చోట పొట్ట పైనుంచి ఒకటి. మొదటి రెండూ ఎడమ రొమ్ము చుట్టే ఉన్నాయి చూడండి. ఈఎఫ్ లెక్క కట్టడానికి కావలసిన బొమ్మలు రెండూ గుండె మొన దగ్గరనుంచే రావాలి. అక్కడ సిలికాన్ ఉంటే?

మిషన్‌కి ఒక గుడ్డి నమ్మకం ఉంటుంది, ఒంట్లో శబ్దం ఎక్కడైనా సెకనుకి 1540 మీటర్ల వేగంతోనే పోతుందని. వెళ్ళి తిరిగొచ్చిన టైమ్‌ని బట్టి లోతు లెక్కేస్తుంది. సిలికాన్ జెల్‌లో శబ్దం సుమారు 1000 మీటర్లే పోతుంది. అంటే 4 సెంటీమీటర్ల మందం ఇంప్లాంట్ దాటడానికి పట్టిన టైమ్ చూసి మిషన్ అది 6 సెంటీమీటర్ల పైనే ఉందనుకుంటుంది, వెనకున్న గుండె మొత్తాన్నీ రెండు సెంటీమీటర్లు లోపలికి తోసేసి చూపిస్తుంది. అది కాక ఇంప్లాంట్ గుండ్రంగా ఉంటుంది కదా, భూతద్దం వెలుగుని వంచినట్టు ఇది శబ్దాన్ని వంచేస్తుంది, గోడలు ఉన్నచోట కాకుండా పక్కన కనిపిస్తాయి. ఇంక జెల్ తాగేసిన శబ్దం పోను మిగిలింది తక్కువ, బొమ్మంతా పొగమంచు పట్టిన పొలం లాగ ఉంటుంది. ఇంప్లాంట్ బదులు వీపు కండరంతోనో పొట్ట కొవ్వుతోనో రొమ్ము కడితే ఈ బాధ ఇంత ఉండదు, అది మన మాంసమే కాబట్టి శబ్దం మామూలుగానే పోతుంది, మందం ఎక్కువైతే, మచ్చ గట్టిపడితే కొంచెం ఇబ్బంది అంతే.

అసలు ఈ ఎకో పుట్టిందే ఓడల కార్ఖానా సామానుతో. 1953లో స్వీడన్లో లుండ్ అనే ఊళ్ళో ఇంగె ఎడ్లర్ అనే గుండె డాక్టరు, హెల్ముట్ హెర్ట్జ్ అనే ఫిజిక్స్ ఆయన కలిసి, పక్కనున్న మాల్మో ఓడల కార్ఖానాలో ఇనుములో పగుళ్ళు పట్టడానికి వాడే మిషన్ అరువు తెచ్చుకుని గుండె మీద పెట్టి చూశారు. మా మావయ్య విశాఖ షిప్‌యార్డులో చేశాడు, వెల్డింగ్ అతుకు లోపల బోలు ఉందా లేదా అని అలాంటి మిషన్‌తోనే చూసేవారట. నేను ఈ కోర్సులో చేరినప్పుడు ఆయన చెప్పిన మాట, "అతుకు మీద పెయింటు పొర మందంగా ఉంటే ముందు అది గీకి చూస్తాం, గీకడం కుదరకపోతే పొర ఉంది అని రాస్తాం, బాగుంది అని రాయం." నేను అప్పట్లో దాన్ని పట్టించుకోలేదు.

ఇంప్లాంట్ అడ్డొచ్చినప్పుడు టెక్నీషియన్లం ఏం చేస్తామంటే, అసలు చోటు వదిలేసి కాస్త పైకి జరిగి ఎక్కడ బొమ్మ తెల్లగా వస్తే అక్కడ ఆగిపోతాం. అక్కడే మోసం ఉంది. గుండె మొన దొరక్కుండా పైనుంచి ఏటవాలుగా కోస్తే గుండె పొట్టిగా కనిపిస్తుంది. నిజం మొన ఆ బొమ్మలో ఉండదు, మనం మొన అనుకునేది పక్క గోడ. అది మొనకంటే గట్టిగా ముడుచుకుంటున్నట్టు కనబడుతుంది, సైజులు తక్కువొస్తాయి, ఈఎఫ్ మాత్రం ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. అర్థమైందా, తప్పు ఎటు వాలుతోందో. గుండె నీరసపడుతున్నా బాగుంది అని చెప్పే వైపు. పేషెంటూ సంతోషిస్తుంది, డాక్టరూ సంతోషిస్తారు, ఎవరికీ అనుమానం రాదు.

మందు వల్ల గుండె దెబ్బతింది అనడానికి గీసుకున్న గీత ఏమిటంటే, ఈఎఫ్ 10 పాయింట్లు పడి 50 కిందకి రావడం. మామూలు టూడీ ఎకోలో ఒకే మనిషికి ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు తీస్తే వచ్చే తేడా కూడా దగ్గరదగ్గర 10 పాయింట్లే, అదీ బొమ్మ బాగా వచ్చినప్పటి మాట. పట్టుకోవాల్సిన తేడా ఎంతో కొలబద్దలో ఊగిసలాట కూడా అంతే. ఇంక ఊరికొక మిషన్, మనిషికొక చెయ్యి, మధ్యలో సిలికాన్ ఉంటే 58, 64, 52 అన్న మూడు నెంబర్లని పక్కపక్కన పెట్టి పెరిగింది తగ్గింది అనుకోవడంలో అర్థం ఏముంది? మూడు చోట్లా ‘పూర్ విండో’ అని నిజమే రాశారు. కానీ పూర్ విండోలోంచి ఆ నెంబరు ఎలా వచ్చింది అన్నది ఎవరూ రాయలేదు.

ఎలా వస్తుందో నాకు తెలుసు, నేనూ అలా రాశాను కాబట్టి. పనిలో చేరిన మూడో ఏడో నాలుగో ఏడో, టెక్కలి వైపు నుంచి ఒకావిడ వచ్చింది, ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. కీమో ముందు ఎకో అని చీటీ. ఆ పూట బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు, కరెంటు పోయి వచ్చి లేటైపోయింది. ప్రోబ్ ఎక్కడ పెట్టినా నల్లగానే ఉంది. "గట్టిగా నొక్కకమ్మా" అంటోంది ఆవిడ భయంగా, ఎందుకు అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు, లోపల ఇంప్లాంట్ ఉంది. ముడుచుకుంటోంది కదా, బానే ఉంది కదా అని కంటి చూపుతో 60 అని రాశాను, కింద పూర్ విండో అని రాశాను, డాక్టరుగారు సంతకం పెట్టారు. ఆర్నెల్లకి ఆవిడ ఆయాసంతో మళ్ళీ వచ్చింది, వెల్లకిలా పడుకోలేకపోతోంది, ఈఎఫ్ 30 చిల్లర. అంతకుముందు నిజంగా 60 ఉండేదా, అప్పటికే 50 ఉండి ఉంటే మందు వేరేలా ఇచ్చేవారా, నాకు ఎప్పటికీ తెలీదు. తెలిసే అవకాశం నా చేతిలో ఉన్న పావుగంటలో ఉండింది, దాన్ని నేను ఐదు నిమిషాల్లో ముగించేశాను. ఆవిడ మొహం నేను మర్చిపోలేదు. మర్చిపోకూడదు కూడా.

ఆవిడ ఎందుకు చెప్పలేదు అంటే, ఎలా చెప్తుంది. మన దగ్గర ఎకో గదుల్లో ఎక్కువగా మగవాళ్ళే ఉంటారు, తలుపు పూర్తిగా మూసుండదు, జాకెట్టు విప్పి ఎడమవైపు తిరిగి పడుకోమంటే సగం మంది బిగుసుకుపోతారు. రొమ్ము తీసేసిన సంగతే అత్తవారికి సగం చెప్పి సగం దాచినవాళ్ళు ఉంటారు, లోపల ఇంకోటి పెట్టించుకున్నా అని గదిలో ఉన్న కుర్రాడికి చెప్తారా? అడగాల్సింది మనం. గది తలుపు వేసి, ఒక ఆడమనిషిని పక్కన పెట్టి, "అమ్మా, ఈ పక్క ఆపరేషన్ అయ్యిందా, లోపల ఏమైనా పెట్టారా, వీపు నుంచి గానీ పొట్ట నుంచి గానీ తీసి కట్టారా" అని నిదానంగా అడిగితే అందరూ చెప్తారు, ఇన్నేళ్ళలో అడిగాక చెప్పని మనిషిని నేను చూడలేదు. నొక్కితే పగిలిపోతుందేమో అని వాళ్ళకి భయం ఉంటుంది, ఎకోకి పెట్టే ఒత్తిడికి మామూలుగా పగిలే వస్తువు కాదది, ఆ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే ఒళ్ళు వదులు చేస్తారు, బొమ్మా కొంచెం బాగొస్తుంది.

అప్పని ఆ ఆదివారమే శ్రీకాకుళం రమ్మన్నాను. మా డాక్టరుగారి పర్మిషన్ తీసుకుని, వేరే పేషెంట్లు ఎవరూ లేకుండా, గంట సేపు చూశాను. ఎడమవైపు బాగా ఒత్తిగిల్లి పడుకోబెట్టి, ఎడమ చెయ్యి తలకింద పెట్టించి, కుడిచేత్తో ఇంప్లాంట్‌ని తనే పైకి, మధ్యలోకి ఎత్తి పట్టుకోమన్నాను. మామూలుగా చూసే సందు వదిలి కింద సందులోకి దిగాను. ఫ్రీక్వెన్సీ తగ్గించాను, తగ్గిస్తే బొమ్మ మొరటుగా వస్తుంది కానీ శబ్దం లోపలిదాకా పోతుంది. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళు మడిపించి, ఊపిరి తీసి పట్టమని పొట్ట పైనుంచి సబ్‌కోస్టల్ చూశాను. ఆ దారిలో సిలికాన్ అడ్డం రాదు. అక్కడినుంచి వచ్చే బొమ్మతో పద్ధతి ప్రకారం ఈఎఫ్ కట్టలేం గానీ గుండె ఎలా కొడుతోందో కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది. కనబడింది. గుండె మరీ నీరసంగా లేదు, అలాగని 64 అని రాసేంత హుషారుగా కూడా లేదు.

తను తెచ్చిన పాత సీడీ ఒకటుంది, 64 వచ్చిన సెంటర్‌ది. పెట్టి చూశాను. గుండె పొట్టిగా, గుండ్రంగా ఉంది, మొన లేదు. మేమందరం సంబరపడిన నెంబరు అది. మిషన్ పాడైందని తిట్టుకున్న 52 దగ్గరే నిజం ఉన్నట్టుంది అని అప్పటికి నాకు అర్థమైంది, కానీ నా కంటి చూపుని నేను ఇంకోసారి నమ్మదలుచుకోలేదు.

విశాఖపట్నంలో కాంట్రాస్ట్ ఎకో చేయిద్దాం అన్నాం. చేతి నరంలోకి కంటికి కనపడనంత చిన్న గ్యాస్ బుడగలు ఉన్న మందు ఎక్కిస్తారు, గుండె గది లోపలంతా తెల్లగా నిండి గోడ అంచులు తేలతాయి. గుండె గోడలో పక్కపక్కనున్న రెండు ముక్కలు కనపడకపోతే వాడమని నియమమే ఉంది, కానీ మనవైపు ఈ మందు పేరు విన్న టెక్నీషియన్లే తక్కువ. ఇక్కడొక మాట చెప్పాలి, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్ళ కోసం. కాంట్రాస్ట్ అనగానే కవిటి, సోంపేట, పలాస వైపు వాళ్ళు "వొద్దమ్మా, కిడ్నీ పోద్ది" అంటారు, వాళ్ళ భయంలో తప్పు లేదు, సీటీ స్కాన్‌కి ఎక్కించే అయోడిన్ మందు సంగతి వేరు. ఎకో బుడగల మందు కిడ్నీలోంచి పోదు, అందులో గ్యాస్ ఊపిరితో బయటికి పోతుంది. కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి రొమ్ము కేన్సర్ కూడా వస్తే ఆ తేడా తెలియడం చాలా అవసరం.

ఆ రోజు ఆ బుడగల మందు దొరకలేదు, ఎంఆర్ఐ చేశారు. గుండె సైజులు, ఈఎఫ్ కొలవడంలో అన్నిటికంటే నమ్మదగింది ఎంఆర్ఐయే, సిలికాన్ ఇంప్లాంట్ దానికి అడ్డం కాదు. ఎక్స్‌పాండర్ అని ఇంకోటుంటుంది, ఇంప్లాంట్ పెట్టే ముందు చర్మం సాగడానికి కొన్నాళ్ళు పెట్టే సంచీ, అందులో సెలైన్ ఎక్కించే చోటు తెలియడానికి చాలా రకాల్లో అయస్కాంతం ఉంటుంది, అలాంటిది లోపల ఉన్న మనిషిని ఎంఆర్ఐ గదిలోకి పంపకూడదు. ఏ రకం పెట్టారో కాగితం మీద లేకపోతే ఎవరికి తెలుస్తుంది? అప్ప డిశ్చార్జ్ సమ్మరీలో "రీకన్‌స్ట్రక్షన్ డన్" అని ఒక్క ముక్క ఉంది. ఇంప్లాంటో ఎక్స్‌పాండరో, కండరం పైన పెట్టారో కింద పెట్టారో లేదు. సర్జన్ గారికి ఫోన్ చేసి కనుక్కోవాల్సొచ్చింది.

ఎంఆర్ఐలో 51 వచ్చింది. ఆడవాళ్ళకి ఎకోలో 54 నుంచి మామూలు కింద లెక్క, ఎంఆర్ఐ లెక్కలో మామూలు ఇంకా కొంచెం పైనే ఉంటుంది. గుండె దెబ్బతినడం అయితే మొదలైంది అన్నమాట, కానీ చేతులు దాటిపోలేదు. గుండె డాక్టరుగారు కార్వెడిలాల్, రామిప్రిల్ అనే గుండె మందులు చిన్న డోసుల్లో మొదలెట్టారు, కేన్సర్ డాక్టరుగారితో ఆయనే ఫోన్లో మాట్లాడారు, ఒక్క డోసు ఆలస్యంతో ట్రాస్టుజుమాబ్ మళ్ళీ నడిచింది. ఇద్దరు డాక్టర్లు పది నిమిషాలు మాట్లాడుకుంటే తేలిన పని అది.

టైమ్ ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇటలీలో మిలాన్ డాక్టర్ల పరిశోధన ఒకటి ఉంది, 2010లో వచ్చింది. ఎర్ర మందు జాతి మందులతో గుండె దెబ్బతిన్న 201 మందికి గుండె మందులు మొదలెట్టి చూశారు. కీమో అయిన రెండు నెలల్లోపు మొదలెట్టినవాళ్ళలో 64 శాతం మందికి గుండె కోలుకుంది. ఆర్నెల్లు దాటాక మొదలెట్టినవాళ్ళలో పూర్తిగా కోలుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. అప్పకి రాసినట్టు ఈఎఫ్ 64 అని ఒక తప్పుడు నెంబరు రాసిస్తే పోయేవి మూడు నెలలు. ఆ మూడు నెలలకి విలువ ఇంత.

ఇంక నా వాదన. అప్పకి ఆపరేషన్ ముందు ఫిట్‌నెస్ కోసం తీసిన ఎకో ఉంది చూశారా, అసలు బంగారం లాంటి అవకాశం అది. అప్పటికి ఎడమవైపు ఏ అడ్డూ లేదు. కేన్సర్ హెర్‌టూ పాజిటివ్ అని బయాప్సీలో అప్పటికే తెలుసు, ట్రాస్టుజుమాబ్ పడుతుందనీ తెలుసు. ఆ రోజు పది నిమిషాలు ఎక్కువ తీసుకుని మొననుంచి రెండు బొమ్మలూ పద్ధతిగా తీసి, స్ట్రెయిన్ కూడా కట్టి, వీడియోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేస్తే తర్వాత వచ్చిన ప్రతి నెంబరునీ పోల్చుకోడానికి ఒక ఆధారం ఉండేది. స్ట్రెయిన్ అంటే గుండె కండరం నిడివిలో ఎంత కుదించుకుంటోంది అన్న కొలత, ఈఎఫ్ పడకముందే అది పడుతుంది, మొదటిదాంతో పోలిస్తే 15 శాతం పైగా తగ్గితే జాగ్రత్త పడమంటారు. మొదటిది లేకపోతే దేంతో పోలుస్తాం? కానీ ఆ ఎకో మత్తు డాక్టరుగారి కోసం తీశారు, "ఫిట్ ఫర్ సర్జరీ" అని రాశారు, కేన్సర్ డాక్టరుగారి కోసం ఎవరూ తియ్యలేదు. వీడియోలు మిషన్లో నిండిపోతే చెరిపేశారు.

కాబట్టి రొమ్ము కట్టడానికి ముందే గుండె బొమ్మ తీసి దాచండి అని సర్జన్లని అడుగుతున్నాను. ఏం పెట్టారో, ఎక్కడ పెట్టారో, ఎంఆర్ఐకి పనికొస్తుందో లేదో డిశ్చార్జ్ కాగితం మీద రెండు లైన్లు రాయండి. కేన్సర్ డాక్టర్లని అడిగేది, ఎకో చీటీ మీద "ట్రాస్టుజుమాబ్ మీద ఉన్నారు, ఎడమ ఇంప్లాంట్" అని రాయండి, కుదిరినంతవరకూ ఒకే సెంటర్‌కి పంపండి. మా టెక్నీషియన్లకి చెప్పేది కష్టమైన మాట. ఏ ముక్క కనపడలేదో రాయాలి, ఏ పద్ధతిలో కట్టామో రాయాలి, ఆ టైమ్‌లో బీపీ ఎంతుందో రాయాలి ఎందుకంటే బీపీ మారితే ఈఎఫ్ మారుతుంది. కట్టలేకపోతే కట్టలేకపోయాం అని రాయాలి. నెంబరు రాయకపోతే పేషెంటు కోప్పడుతుంది, ఓనర్ కోప్పడతాడు, నాకు తెలుసు. అయినా ఊహించిన నెంబరు కంటే ఖాళీ గడి నయం, ఖాళీ చూస్తే డాక్టరు ఇంకో దారి వెతుకుతారు.

మా తోటి ఆయన ఒకరు నాతో వాదించారు, మన జిల్లాల్లో రీకన్‌స్ట్రక్షన్ చేయించుకునేవాళ్ళు ఎంతమంది, ఏడాదికి నలుగురు వస్తారేమో, దీని కోసం ఇంత గొడవెందుకు అని. నలుగురే వస్తారు కాబట్టే మనకి చెయ్యి తిరగదు, వచ్చినప్పుడు తడబడతాం. పైగా సబ్‌కోస్టల్ చూడటం, కనపడనిది రాయడం నేర్చుకుంటే బీడీ తాగి ఊపిరితిత్తులు ఉబ్బిన తాతలకీ, లావుగా ఉన్నవాళ్ళకీ, ఎడమ ఛాతీకి రేడియేషన్ పడి చర్మం గట్టిపడ్డవాళ్ళకీ అదే పనికొస్తుంది. రోజుకి నలభై ఎకోలు తీసే చోట గంట ఎక్కడిది అని కూడా అన్నారు. గంట అక్కర్లేదు, ఇరవై నిమిషాలు చాలు, ఆ ఇరవై నిమిషాలు ఇవ్వలేం అనేటట్టైతే ఆ చీటీ తీసుకోకుండా ఇవ్వగలిగిన చోటుకి పంపాలి.

ఇంప్లాంటే వద్దు, అసలు కట్టించుకోవద్దు అనే మాటకి నా జవాబు పైనే చెప్పాను. ఒక ఆడమనిషి పొద్దున్నే అద్దం ముందు నిలబడి చీర కట్టుకుని బడికి వెళ్ళాలనుకోవడం తప్పు కాదు. ఏ రకం కట్టించుకుంటే గుండె పరీక్షకి ఏ ఇబ్బంది వస్తుందో ముందే చెప్పి, ఎంచుకోవడం ఆవిడకి వదిలెయ్యాలి. అడ్డం వచ్చిన చోట దారి వెతకడం మా ఉద్యోగం.

అప్పకి 18వ డోసు మొన్న పైడితల్లమ్మ సిరిమానుకి వారం ముందు అయిపోయింది. చివరి ఎకోకి నేను వెళ్ళలేకపోయాను, విజయనగరంలోనే తీయించుకుంది, కొత్తగా చేరిన కుర్రాడట, ఇరవై రెండేళ్ళుంటాయేమో, చీటీ మీదున్న మాటలు చదివి ఎక్కడ మొదలెట్టాలో తెలీక ప్రోబ్ పట్టుకుని నిలబడ్డాడట. తనే ఎడమవైపు ఒత్తిగిల్లి, చేత్తో ఎత్తి పట్టుకుని, "బాబూ, ఈ పక్క సిలికాన్ ఉంది, నువ్వు కంగారు పడకు, ఒక సందు కిందకి దిగి చూడు, రాకపోతే పొట్ట మీంచి చూడు, నేను ఊపిరి పడతాను" అని చెప్పిందట. రిపోర్టు వాట్సాప్‌లో పెట్టింది. ఈఎఫ్ 54, మొన దగ్గర రెండు ముక్కలు సరిగా కనపడలేదు, సబ్‌కోస్టల్‌తో సరిచూశాం, బీపీ 124 బై 78 అని ఉంది.